ఒకే మందు, రెండు జబ్బులు

2021 మే నెలలో ఆంఫోటెరిసిన్ అన్న మాట మందుల షాపుల దగ్గరే కాదు, పల్లె రచ్చబండల మీద కూడా వినిపించింది. కరోనా తగ్గి ఇంటికొచ్చిన మనిషికి కొద్ది రోజుల్లోనే కన్ను వాచి, ముక్కులో నల్లటి పెచ్చు కట్టి, దవడ తిమ్మిరెక్కుతుంటే, ఆ ఇంజెక్షనే దిక్కని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. బ్లాక్ ఫంగస్ అని అందరం పిలిచిన ఆ జబ్బు అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్. మందు మాత్రం కొత్తది కాదు. వెనెజులాలో ఓరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1950లలో తీశారు. బ్లాక్ ఫంగస్ పేరు మన ఊళ్ళలో ఎవరూ వినకముందు నుంచీ పెద్దాసుపత్రుల్లో అదే మందును ఇంకో జబ్బుకు ఎక్కిస్తున్నారు. ఆ జబ్బు క్రిప్టోకాకల్ మెనింజైటిస్. మెదడును చుట్టి ఉండే పొరల్లోకి ఫంగస్ చేరి, వారాల తరబడి తలనొప్పిగా సాగి, చివరకు మనిషిని మంచాన పడేసి చంపుతుంది. మెదడు పొరల వాపు నాలుగు వారాలు దాటితే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక మెనింజైటిస్ అంటారు. ఫంగస్ వల్ల వచ్చేవాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే.

రెండూ ఫంగస్ జబ్బులే. రెండింటికీ ప్రాణం నిలిపే మొదటి మందు ఒకటే. అయినా ఒకదానికి ప్రభుత్వాలు రాత్రికి రాత్రి ఉత్తర్వులిచ్చాయి. రెండోదానికి ఇన్నేళ్ళుగా ఒక పత్రికా శీర్షిక కూడా దక్కలేదు. ఈ తేడాకు కారణం జబ్బుల్లో ఉందా, మన చూపులో ఉందా అన్నది తేలాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఓర్వకల్లు నుంచి మొదలుపెడతాను. కర్నూలు నుంచి నంద్యాల దారి పట్టుకుంటే రోడ్డు పక్కనే రాతివనం కనిపిస్తుంది. ఈ మండలంలోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. రెండు నెలలు తిరక్కముందే రాష్ట్రమంతటా బ్లాక్ ఫంగస్ భయం పట్టుకుంది. ఈ రెండు ఫంగస్‌లలో ఏదీ ఎక్కడినుంచో ఎగిరివచ్చింది కాదు. మ్యూకర్ జాతి బూజు మట్టిలో, పెంటదిబ్బలో, కుళ్ళిన ఆకులో, పాచిపట్టిన రొట్టె మీద పెరుగుతుంది. క్రిప్టోకాకస్ పావురాల రెట్టలో పెరుగుతుందని అమెరికాలో ఎమన్స్ అనే శాస్త్రవేత్త 1955లో చూపించాడు. మన దేశంలో రంధావా బృందం నేరేడు లాంటి చెట్ల తొర్రల్లో ఎండి పొడైన చెక్కలో దాన్ని పట్టుకుంది. దాని దాయాది గట్టీ అనే రకాన్ని ఆస్ట్రేలియాలో 1990లో నీలగిరి చెట్ల దగ్గర గుర్తించారు. పావురాలు వాలే రాతి సందులు, పాత గుడి గోపురాలు, ఆసుపత్రి కిటికీల పైన సన్‌షేడ్‌లు, ఎక్కడి దుమ్ములోనైనా అది ఉండొచ్చు. ఎండకు నేల పిగిలి దుమ్ము లేచే రాయలసీమలో వీటిని పీల్చని మనిషి అరుదు. పీల్చిన అందరికీ జబ్బు రాదు. ఒంట్లో కాపలా సడలినవాళ్ళనే అవి పట్టుకుంటాయి.

ఆ కాపలా సడలే దారులు మాత్రం వేరు. బ్లాక్ ఫంగస్‌కు దారిచ్చినవి ముఖ్యంగా అదుపు తప్పిన షుగరు, కరోనాలో మోతాదు మించి, రోజులు మించి వాడిన స్టెరాయిడ్లు. క్రిప్టోకాకస్‌కు ప్రపంచమంతటా పెద్ద దారి హెచ్‌ఐవీ. ఒంట్లో కాపలా కాసే సీడీ4 కణాలు వందకు దిగువకు పడిపోయిన మనిషిలో, ఎప్పుడో పీల్చి ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న ఫంగస్ లేచి రక్తంలోంచి మెదడు పొరల్లోకి చేరుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకూ, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు మింగేవాళ్ళకూ రావొచ్చు. గట్టీ రకమైతే ఏ లోపమూ కనబడని మనిషికీ వస్తుంది. దేశంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవారి సంఖ్యలో మహారాష్ట్ర తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. మూడు లక్షలు దాటిన సంఖ్య అది. అందువల్ల ఈ జబ్బును ఆఫ్రికా సంగతి అని తోసెయ్యడానికి మనకు వీల్లేదు.

జబ్బు బయటపడే తీరులో తేడా ఇంకా పెద్దది. బ్లాక్ ఫంగస్ ముఖం మీదికి వస్తుంది. కన్ను ఉబ్బుతుంది, రెప్ప వాలుతుంది, అంగిట్లో నల్ల మచ్చ పడుతుంది. చూసినవాళ్ళు హడలిపోతారు. ఆ హడలే మనిషిని ఆసుపత్రికి చేర్చింది. నాలుగు రోజులు ఆలస్యమైతే కన్ను తీసెయ్యాల్సి వస్తుందని టీవీలు రోజంతా చెప్పాయి. క్రిప్టోకాకస్ మెనింజైటిస్‌లో బయటికి కనబడేది దాదాపు ఏమీ ఉండదు. ఓర్వకల్లు చుట్టుపక్కల కూలికి వెళ్ళే మనిషికి తలనొప్పి వచ్చిందంటే ముందు మందుల షాపులో రెండు మాత్రలు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఎండ దెబ్బన్నారని మజ్జిగ. కళ్ళు మసకేస్తున్నాయంటే అద్దాల పరీక్ష. అప్పటికి మూడు వారాలు గడుస్తాయి. వాంతులు మొదలవుతాయి. మాట తడబడుతుంది, మనిషి ఉన్నట్టుండి కసురుకుంటాడు, ఇంట్లో ఎవరినో పోల్చుకోలేకపోతాడు. గాలి సోకిందని ఎవరో అంటే దర్గాకో, తాయెత్తు కట్టేవాడి దగ్గరికో తీసుకుపోతారు. ఇందులో ఆ కుటుంబం తప్పేమీ లేదు. జ్వరం కూడా అంతంత మాత్రంగా ఉండి, మెడ బిగుసుకోవడం కూడా స్పష్టంగా లేని తలనొప్పిని చూసి మెదడు పొరల వాపు అనుకోవడం చదువుకున్న డాక్టరుకే కష్టం.

చూపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రెండు జబ్బులూ చూపు తీస్తాయి. బ్లాక్ ఫంగస్ కంటిగుంటలోకి పాకి రక్తనాళాలను మూసేసి కండను చంపుతుంది. కన్ను తీసేస్తే గానీ ప్రాణం దక్కని పరిస్థితి వస్తుంది. క్రిప్టోకాకస్ చాలావరకు కంటిని ముట్టుకోకుండానే చూపు తీస్తుంది. ఆ ఫంగస్ ఒంటి చుట్టూ జిగురు చక్కెర పొర ఉంటుంది. ఆ జిగురు, ఆ ఫంగస్ కణాలు కలిసి మెదడు చుట్టూ తిరిగే నీరు బయటికి పోయే దారులను, కాలువ తూముకు నాచు పట్టినట్టు, అడ్డగిస్తాయి. నీరు నిలిచి తలలో ఒత్తిడి పెరుగుతుంది. కంటి నరం నలిగి చూపు పోతుంది. 2021లో కన్ను కోల్పోయినవారి ఫొటోలు మనం చూశాం, తల్లడిల్లాం. క్రిప్టోకాకస్‌తో చూపు పోయినవాడి కళ్ళు మామూలుగానే ఉంటాయి గనుక వాడి ఫొటో ఎవరూ తీయలేదు.

పరీక్ష దగ్గరికి వద్దాం. బ్లాక్ ఫంగస్‌కు ముక్కులోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే వెడల్పాటి పోగులు కనిపిస్తాయి. క్రిప్టోకాకస్‌కు వెన్నులోంచి నీళ్ళు తీయాలి. ఇక్కడే మన ఊళ్ళలో అసలు చిక్కు. వెన్నులో నీళ్ళు తీస్తే కాళ్ళు పడిపోతాయన్న భయం ఇంటింటా ఉంది. సంతకం పెట్టమనగానే బంధువులు వెనక్కి తగ్గుతారు, పెద్దమనిషిని అడిగి వస్తామంటారు, కొందరు రాత్రికి రాత్రి మనిషిని తీసుకుని వెళ్ళిపోతారు. నడుము కింది భాగంలో, వెన్నుపాము అప్పటికే ముగిసిపోయిన చోట సూది దిగుతుందని, కాళ్ళు పడిపోవడానికి అక్కడ వెన్నుపామే లేదని ఎవరైనా నిదానంగా కూర్చోబెట్టి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ చెప్పే తీరిక వార్డులో ఎవరికుంటుంది?

తీసిన నీటిబొట్టును గాజుపలక మీద నల్ల సిరాబొట్టుతో కలిపి చూస్తారు. సిరా అంతటా నల్లగా పరుచుకుంటుంది. ఆ నలుపులో అక్కడక్కడా గుండ్రటి కణం, దాని చుట్టూ సిరా చొరబడలేని తెల్లటి వెలుగు వలయం. ఆ వలయమే ఇందాక చెప్పిన జిగురు పొర. అది కనిపిస్తే జబ్బు ఖాయం, కనిపించకపోతే లేదని మాత్రం చెప్పలేం. కణాలు తక్కువగా ఉన్నప్పుడు సిరా పరీక్ష తప్పిపోతుంది. అందుకే ఇప్పుడు యాంటిజెన్ స్ట్రిప్ వచ్చింది. గర్భ పరీక్ష పట్టీలాంటిది. 2011లో అమెరికాలో అనుమతి పొందింది. బొట్టు నీటిలోనో, రక్తపు రసంలోనో ముంచితే పది నిమిషాల్లో గీత పడుతుంది. పెద్ద ల్యాబు అక్కర్లేదు. జబ్బు లక్షణాలు మొదలవకముందే, వారాల ముందుగానే రక్తంలో దొరికిపోవడం దీని గొప్పతనం.

ఇక్కడ మూడో జబ్బును తలచుకోకుండా ముందుకు పోలేం. దీర్ఘకాలిక మెనింజైటిస్ అనగానే మన డాక్టర్లకు మొదట తట్టేది టీబీ. తట్టాలి కూడా, మన దగ్గర అదే ఎక్కువ. టీబీ మెనింజైటిస్‌లోనూ, ఫంగస్ మెనింజైటిస్‌లోనూ వెన్ను నీటిలో కనబడేవి దాదాపు ఒకటే: తెల్ల కణాల్లో లింఫోసైట్లు పెరుగుతాయి, ప్రొటీను పెరుగుతుంది, చక్కెర తగ్గుతుంది. రిపోర్టు చూసి టీబీ మందులు, వాటితోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. స్టెరాయిడ్‌ను తప్పు పట్టడానికి లేదు. వియత్నాంలో జరిగిన పరిశీలనలో టీబీ మెనింజైటిస్ రోగులకు డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు తగ్గాయని 2004లో తేలింది. కానీ అదే వియత్నాం కేంద్రంగా మరికొన్ని దేశాల్లో క్రిప్టోకాకస్ రోగులకు అదే డెక్సామెథసోన్ ఇచ్చి చూస్తే లాభం లేకపోగా కీడు జరుగుతోందని పరిశీలనను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. హెచ్‌ఐవీ ఉన్న టీబీ రోగులకైతే స్టెరాయిడ్ లాభం స్పష్టంగా లేదని 2023లో ఇంకో పరిశీలన చెప్పింది. అంటే ఒకే సూది ఒక తలనొప్పిని కాపాడుతుంది, పక్క మంచం మీది తలనొప్పిని ముంచుతుంది. ఏ తలనొప్పి ఏదో తేల్చేది ఆ పది నిమిషాల స్ట్రిప్. అందుకే దాన్ని చిన్న వస్తువు అనుకోవడానికి నాకు మనసొప్పదు.

స్టెరాయిడ్ మాట వచ్చింది గనుక ఇంకొక్కటి. 2012లో అమెరికాలో ఒక మందుల తయారీ కేంద్రం వెన్నునొప్పికి పంపిన స్టెరాయిడ్ సీసాల్లోనే బూజు చేరింది. ఆ సూదులు వేయించుకున్నవారిలో 750 మందికి పైగా జబ్బుపడ్డారు. చాలామందికి వచ్చింది ఫంగస్ మెనింజైటిసే. 60 మందికి పైగా చనిపోయారు. ఆ సీసాలు ఏ ఆసుపత్రికి వెళ్ళాయో వెతికి, సూది వేయించుకున్న దాదాపు 14 వేల మందికీ కబురు పెట్టారు. తప్పు చేసినవాళ్ళను కోర్టుకు ఈడ్చారు. ఒకేచోట నుంచి ఒకేసారి పుట్టిన జబ్బుకు ఇంత వెతుకులాట జరుగుతుంది. ఊరికొకడు, నెలకొకడుగా పోతే ఎవరూ వెతకరు. మన రెండు జబ్బుల మధ్య తేడా కూడా ఇక్కడే మొదలైంది.

2021లో ఏం జరిగిందో చూడండి. మే మూడో వారంలో బ్లాక్ ఫంగస్‌ను అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. తెలంగాణ వెంటనే ప్రకటించి, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ముఖ్య కేంద్రంగా పెట్టింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. కేంద్రమే సీసాలను లెక్కపెట్టి రాష్ట్రాలకు పంచింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కోతో సహా మరో ఐదు కంపెనీలకు తయారీ అనుమతులిచ్చారు. జూన్ 12న జీఎస్‌టీ మండలి ఆ మందు మీద పన్నును 5 శాతం నుంచి సున్నాకు దించింది. జులై నడిమికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు నమోదయ్యాయని పార్లమెంటుకు చెప్పారు. ఇవన్నీ మెచ్చుకోవాల్సిన పనులే. అయినా నిజం చెప్పాలంటే సగం పనులు చేతులు కాలాక ఆకులు పట్టుకున్న పనులు. సీసాల కోసం జనం కాళ్ళరిగేలా తిరిగారు. నల్లబజారులో కొన్నారు, అప్పులపాలయ్యారు. ముందుగా షుగరు చూసి, స్టెరాయిడ్‌ను కట్టడి చేసి ఉంటే ఆ మందు అవసరమే చాలామందికి పడేది కాదు. బ్లాక్ ఫంగస్ విషయంలో మన వ్యవస్థ వేగంగా పరుగెత్తింది, నిజమే. కానీ అది జబ్బు వెనకాల పరుగెత్తింది.

రెండో జబ్బు వైపు చూస్తే పరుగు సంగతి అటుంచి అడుగే పడలేదు. 2020లో ప్రపంచంలో హెచ్‌ఐవీ ఉన్నవారిలో దాదాపు 1,52,000 మందికి క్రిప్టోకాకల్ మెనింజైటిస్ వచ్చిందని, 1,12,000 మంది చనిపోయారని లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో 2022లో వచ్చిన అంచనా. ఎయిడ్స్ మరణాల్లో ఇది ఇంచుమించు అయిదో వంతు. అదే 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల జాబితా మొదటిసారి విడుదల చేసింది. అత్యంత కీలకం అన్న పై వరుసలో నాలుగే ఉన్నాయి, వాటిలో ఒకటి క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్. బ్లాక్ ఫంగస్ తెచ్చే మ్యూకర్ జాతి దాని కింది వరుసలో ఉంది. అంటే శాస్త్రం పెట్టిన వరుస ఒకటి, పత్రికలూ ప్రభుత్వాలూ పెట్టిన వరుస ఇంకొకటి. నోరున్నవాడిదే రాజ్యం అన్న మాట జబ్బులకూ వర్తించింది. బ్లాక్ ఫంగస్ వచ్చిన ఇంటికి నోరుంది. ఆ కుటుంబం టీవీ మైకు ముందు నిలబడి మాకు మందు కావాలని ఏడ్చింది, ఏడవగలిగింది. హెచ్‌ఐవీ ఉన్న మనిషి భార్య మైకు ముందుకు ఎలా వస్తుంది? ఏం జబ్బని అడిగితే ఊళ్ళో ఏమని చెబుతుంది? అంత్యక్రియలప్పుడు కూడా మెదడువాపుతో పోయాడనే చెప్పుకుంటారు.

మందు లెక్క చూస్తే ఈ తేడా మరీ నొప్పి కలిగిస్తుంది. ఆంఫోటెరిసిన్‌లో పాత రకం, కొవ్వు బుడగల్లో పొదిగిన లైపోసోమల్ రకం అని రెండున్నాయి. పాత రకం ఎక్కుతుంటే మనిషి చలితో వణికిపోతాడు, కిడ్నీలు దెబ్బతింటాయి, పొటాషియం పడిపోతుంది. పసుపు రంగు పొడిని కరిగించి డెక్స్‌ట్రోజ్ బాటిల్‌లోనే కలపాలి, ఉప్పు సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది. గంటల తరబడి నిదానంగా ఎక్కించాలి, ముందూ వెనకా సెలైన్ పెట్టాలి, రోజు విడిచి రోజు రక్తపరీక్ష చేయాలి. క్రిప్టోకాకస్ రోగికి దాన్ని మొదట్లో రెండు వారాలు, తరువాత ఒక వారం ఇచ్చేవాళ్ళు. 2022 మార్చిలో బోట్స్‌వానా, మలావి, దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 800 మందికి పైగా రోగుల మీద చేసిన పరిశీలన ఫలితాలు వచ్చాయి. లైపోసోమల్ రకాన్ని కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారే ఎక్కించి, దానితో రెండు వారాలు ఫ్లుసైటోసిన్, ఫ్లుకోనజోల్ మాత్రలు ఇస్తే, పాత పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదు. పది వారాల్లో మరణాలు పాత పద్ధతిలో 28.7 శాతం, కొత్తదానిలో 24.8 శాతం. దుష్ఫలితాలు తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాదే దీన్ని సిఫారసు చేసింది.

యాభై కిలోల మనిషికి ఆ ఒక్క మోతాదు అంటే 500 మిల్లీగ్రాములు, 50 మిల్లీగ్రాముల సీసాలు పది. బ్లాక్ ఫంగస్ వచ్చిన అదే యాభై కిలోల మనిషికి కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు ఐదు సీసాలు, అదీ వారాల తరబడి, పైన ఆపరేషన్లు. అంటే ఒక బ్లాక్ ఫంగస్ రోగికి రెండు రోజులకు పట్టే సీసాలతో ఒక క్రిప్టోకాకస్ రోగికి ఆ ఇంజెక్షన్ చికిత్స పూర్తవుతుంది. బ్లాక్ ఫంగస్ రోగులకు అంత ఇవ్వొద్దని కాదు. వాళ్ళకు అది కావాలి, ఇచ్చారు, మంచిదే. అంత ఇవ్వగలిగిన రాష్ట్రానికి ఈ పది సీసాలు భారం కావు అన్నదే నా వాదన.

సీసాలు దొరికినా మాత్రల దగ్గర ఇంకో లోటు. ఫ్లుకోనజోల్ మన పల్లెల్లో అందరికీ తెలిసిన మాత్ర, తామరకు వారానికొకటి వేసుకునే 150 మిల్లీగ్రాముల మాత్ర. ఈ జబ్బులో మొదటి రెండు వారాలూ రోజుకు 1,200 మిల్లీగ్రాములు వేస్తారు, తరువాత తగ్గించుకుంటూ ఏడాదికి పైగా కొనసాగిస్తారు. ఫ్లుసైటోసిన్ సంగతి వేరు. క్యాన్సర్ కోసం 1957లో తయారై, క్యాన్సర్‌కు పనికిరాక, ఫంగస్‌కు పనికొచ్చిన మందు ఇది. ఆంఫోటెరిసిన్‌కు జతగా ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని ఏనాడో తెలుసు. అయినా ఎన్నో ఏళ్ళు మన దేశపు మందుల షాపుల్లో అది దొరకలేదు. ప్రపంచానికి చవక మందులు చేసిపెట్టే దేశంలో, ఆ మందుల ఫ్యాక్టరీలు హైదరాబాద్ చుట్టూ పరుచుకుని ఉన్న తెలుగునేల మీద, ఈ పాత మందు కోసం రోగి ఎదురుచూడాల్సి రావడం నన్ను బాధపెడుతుంది. 2021లో ఐదు కంపెనీలకు అనుమతులు కొద్ది రోజుల్లో వచ్చాయి గనుక, అనుమతులకు సంవత్సరాలు పడతాయన్న జవాబు ఇక చెల్లదు.

రెండు జబ్బుల్లోనూ మందు ఒక్కటే చాలదు. బ్లాక్ ఫంగస్‌లో చచ్చిన కండను కోసి తీయకపోతే మందు అక్కడికి చేరదు. సైనస్‌లు శుభ్రం చేసే సర్జన్లు 2021 వేసవిలో రాత్రింబవళ్ళు నిలబడ్డారు. క్రిప్టోకాకస్‌లో మామూలుగా కత్తి పని ఉండదు, మళ్ళీ సూది పనే. తలలో ఒత్తిడి 25 సెంటీమీటర్ల నీటి మట్టం దాటితే వెన్నులోంచి నీళ్ళు తీసి తగ్గించాలి, రోజూ తీయాల్సి రావొచ్చు. ఇది పరీక్ష కాదు, చికిత్స. నీళ్ళు తీయగానే పగిలిపోతున్న తల నెమ్మదించడం రోగి తనే చెబుతాడు. ఒకసారి నీళ్ళు తీయించడానికే ఒప్పుకోని కుటుంబాన్ని నాలుగోసారికి ఒప్పించాలంటే వార్డులో ఓపిక కావాలి. ఒత్తిడి కొలిచే గొట్టం చేతిలో ఉండాలి. ఖర్చు తక్కువ, మనిషి శ్రమ ఎక్కువ. ప్యాకేజీల లెక్కలో ఆపరేషన్‌కు ఉన్న విలువ ఇలాంటి ఓపికకు రాదు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల మీద నాకు గౌరవం ఉంది, అవి లేకపోతే సీమ పల్లెల్లో ఎన్ని ఇళ్ళు కూలిపోయేవో. అయినా ఈ లోటు వాటిలో ఉంది.

నివారణ దగ్గర పోలిక తిరగబడుతుంది. ఇక్కడ చులకనైన జబ్బుకే అవకాశం ఎక్కువ. బ్లాక్ ఫంగస్ ఎవరికి వస్తుందో ముందే చెప్పడం కష్టం, షుగరున్నవాళ్ళు కోట్లలో ఉన్నారు. క్రిప్టోకాకస్ ప్రమాదంలో ఉన్నవారి పేర్లు మాత్రం ప్రభుత్వం దగ్గర ముందే ఉన్నాయి. హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులను 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. కర్నూలు పెద్దాసుపత్రిలోనే ఏఆర్‌టీ కేంద్రం ఉంది. మన రాష్ట్రంలో ఆ మందులు వాడేవారికి పింఛను కూడా వస్తుంది. కొత్తగా చేరినవారిలో, మందులు మధ్యలో మానేసి తిరిగి వచ్చినవారిలో సీడీ4 వందకు దిగువన ఉంటే రక్తానికి ఆ స్ట్రిప్ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. రెండు వందల దాకా చేసినా మంచిదేనంది. గీత పడితే, తలలోకి చేరలేదని నిర్ధారించుకుని, ఫ్లుకోనజోల్ మాత్రలతోనే మెనింజైటిస్‌ను ఆపొచ్చు. పదేపదే నీళ్ళు తీయడం, సీసాలు ఎక్కించడం దాకా పోకుండా చాలామంది బయటపడతారు. జబ్బు ముదిరాక హడావిడిగా ఏఆర్‌టీ మొదలుపెడితే మరణాలు పెరుగుతాయని, నాలుగైదు వారాలు ఆగాలని 2014లో తేలింది. ముందే పట్టుకుంటే ఈ చిక్కుముడి దాకా పోనక్కర్లేదు.

టాంజానియా, జాంబియాల్లో చేసిన ఒక పని గురించి ఓర్వకల్లు వాళ్ళు తప్పక తెలుసుకోవాలి. అక్కడ సీడీ4 బాగా పడిపోయినవారికి స్ట్రిప్ పరీక్ష చేశారు. దానికి తోడు, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి మొదటి నాలుగు వారాలూ వారానికోసారి రోగి ఇంటికి పంపారు. మందు వేసుకున్నావా, తలనొప్పి ఉందా అని అడగడమే వాళ్ళ పని. ఏడాది తిరిగేసరికి మరణాలు 28 శాతం తక్కువగా ఉన్నాయని 2015లో లాన్సెట్‌లో వచ్చింది. ఓర్వకల్లు దేశానికి తెలిసింది మహిళల పొదుపు సంఘాల వల్ల. ఇంటింటికీ తిరిగి లెక్క రాయడం, వాయిదా కట్టని ఇంటి కష్టం కనుక్కోవడం ఇక్కడి ఆడవాళ్ళకు తరం నాటి అలవాటు. ఆసుపత్రి ఖర్చు మీద పడినప్పుడు పల్లెలో మొదట తలుపు తట్టేది కూడా సంఘం దగ్గరే. అలాగని హెచ్‌ఐవీ ఉన్నవారి జాబితా సంఘం చేతికి ఇవ్వమని నేను అనను. 2017 చట్టం ఆ రహస్యాన్ని కాపాడమంది, అది సరైన మాట. చెయ్యగలిగింది వేరే ఉంది. వారాలు దాటిన తలనొప్పి, వాంతులు, మసక చూపు, మాట తేడా అన్న నాలుగు గుర్తులను ఆశా కార్యకర్తలూ, సంఘం నాయకురాళ్ళూ అందరి ఇళ్ళలోనూ అడగొచ్చు. ఆ నాలుగు గుర్తులు టీబీ మెనింజైటిస్‌కూ అవే, ఫంగస్‌కూ అవే. ఎవరికి ఏ జబ్బుందో ఊరికి తెలియాల్సిన పని లేదు.

అయినా ఈ జాబితాల్లో ఎక్కడా లేనివాళ్ళు కొందరు మిగిలిపోతారు. కీళ్ళనొప్పులకు, ఆయాసానికి, ఒంటి దురదకు ఏళ్ళుగా ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా సూదులు వేయించుకునేవాళ్ళు సీమలో ఎంతోమంది. వాళ్ళకు హెచ్‌ఐవీ లేదు, ఏఆర్‌టీ కేంద్రంలో పేరు లేదు, సీడీ4 ఎవరూ చూడరు. బ్లాక్ ఫంగస్‌కూ క్రిప్టోకాకస్‌కూ రెండింటికీ తలుపు తెరిచేది ఆ సూదే. ఇలాంటివారిలో ఫంగస్ మెనింజైటిస్ ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది, ఎందుకంటే హెచ్‌ఐవీ లేదనగానే డాక్టరు ఆలోచన ఫంగస్ వైపు పోదు, నేరుగా టీబీ వైపు పోతుంది. టీబీ మందులతో పాటు ఇంకాస్త స్టెరాయిడ్ ఎక్కుతుంది. వీళ్ళను ఏ జాబితాతోనూ, ఏ ఉత్తర్వుతోనూ పట్టుకోలేం. కర్నూల్లో వెన్ను నీళ్ళు తీసిన ప్రతి మనిషి సీసాలోంచీ, హెచ్‌ఐవీ ఉన్నా లేకున్నా, ఒక బొట్టు ఆ స్ట్రిప్ మీద వెయ్యడమే దారి. నీళ్ళు ఎలాగూ తీశారు, కుటుంబం ఎలాగూ భయపడి, సంతకం పెట్టి, ఒప్పుకుంది. ఆ బొట్టును వృథాగా పారబోయడానికి ఎవరి దగ్గరా సరైన కారణం లేదు.